వలస, పన్ను, రాష్ట్రం: అమెరికా స్వాతంత్ర్య చరిత్రకు కృష్ణా డెల్టా పాఠాంతరం

సంగ్రహం: అమెరికా స్వాతంత్ర్య పోరాటం ఆంధ్ర జాతీయోద్యమానికి ప్రేరణ ఇచ్చిందన్న మాట మన సాహిత్య చరిత్రల్లో తరచు కనిపిస్తుంది. ఆ ప్రేరణ స్వరూపం ఏమిటన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది. కృష్ణా డెల్టా, అమెరికా వలసలు 18వ శతాబ్దంలో ఒకే సామ్రాజ్యం కింద, ఒకే కంపెనీ వ్యవహారాల్లో చిక్కుకున్న ప్రాంతాలని ఈ వ్యాసం గుర్తుచేస్తుంది. 1907 నుంచి 1921 వరకు తెలుగువారు ఆ చరిత్రను ఎలా చదివారో, ఎక్కడ దాన్ని దాటి వెళ్ళారో మూడు మాటల ఆధారంగా పరిశీలిస్తుంది.

కీలక పదాలు: ఉత్తర సర్కారులు, ఈస్టిండియా కంపెనీ, కారన్‌వాలిస్, విజ్ఞాన చంద్రికా మండలి, చీరాల-పేరాల, శ్రీబాగ్ ఒడంబడిక.

1. ప్రస్తావన

ఒక దేశ చరిత్ర మరొక భాషలోకి వచ్చినప్పుడు ముందుగా మాటలు కుదరాలి. అమెరికా స్వాతంత్ర్య చరిత్రను తెలుగులో చెప్పడానికి మూడు మాటలు తప్పనిసరి. 13 వలసలు బ్రిటన్‌ను ఎదిరించాయి. పన్ను విషయంలో ఎదిరించాయి. గెలిచి సంయుక్త రాష్ట్రాలయ్యాయి. వలస, పన్ను, రాష్ట్రం అనే ఈ మాటలు మనకు కొత్తవి కావు. అయితే కృష్ణా డెల్టా రైతు, నేతగాడు, బెజవాడ వకీలు ఈ మాటలను వాడిన అర్థాలు వేరు. ఆ అర్థభేదంలోనే రెండు చరిత్రల మధ్య సంబంధం, దూరం రెండూ ఉన్నాయి.

'వలస' మాటనే చూద్దాం. తెలుగులో వలస పోవడమంటే కరువుకో, దండయాత్రకో, దొరతనం ఒత్తిడికో ఉన్న ఊరు విడిచి పోవడం. అమెరికా వలసలను నెలకొల్పినవారు ఇంగ్లండు విడిచి పోయినవారు కాబట్టి అక్కడ ఆ మాట సరిగానే అతుకుతుంది. ఉత్తర సర్కారులను 'వలస పాలిత ప్రాంతం' అన్నప్పుడు మాత్రం అర్థం తలకిందులవుతుంది. ఇక్కడి ప్రజలు ఎక్కడికీ వలస పోలేదు, పాలకులే వచ్చారు. అమెరికాలో తిరగబడినవారు వలస వచ్చినవారి సంతానం. ఆ నేల మీద అంతకుముందే ఉన్న ఆదివాసులు ఆ స్వాతంత్ర్యంలో భాగస్వాములు కాలేదు. ఈ తేడాను పక్కన పెట్టి 'వారిలాగే మనమూ' అనడం ఉపన్యాసానికి సరిపోతుంది, చరిత్ర రచనకు సరిపోదు.

2. ఒకే కంపెనీ, రెండు తీరాలు

ఇంగ్లీషు కంపెనీ మచిలీపట్నంలో వర్తకస్థానం నెలకొల్పిన సంవత్సరం 1611. ఉత్తర అమెరికాలో ఇంగ్లీషువారి తొలి స్థిర నివాసమైన జేమ్స్‌టౌన్ అప్పటికి నాలుగేళ్ళ నాటిది. ఒకచోట వచ్చింది వర్తకులు, మరొకచోట స్థిరపడడానికి వచ్చినవారు. తరువాతి చరిత్రలోని తేడాకు ఇదే మూలం.

18వ శతాబ్దం మధ్యలో ఈ రెండు దారులూ దగ్గరయ్యాయి. బ్రిటన్, ఫ్రాన్సుల మధ్య జరిగిన ఏడేళ్ళ యుద్ధంలో అమెరికా అడవులూ మచిలీపట్నం కోటా ఒకే యుద్ధంలోని రెండు రంగాలు. 1759 ఏప్రిల్‌లో కల్నల్ ఫోర్డ్ ఫ్రెంచివారి నుంచి మచిలీపట్నం కోటను పట్టుకున్నాడు. అదే ఏడాది సెప్టెంబరులో క్విబెక్ బ్రిటిషువారి వశమైంది. గెలుపు ఖరీదైనది. ఆ ఖర్చును రాబట్టుకోవడానికి బ్రిటిషు పార్లమెంటు 1765లో అమెరికా వలసల మీద స్టాంపు చట్టం విధించింది. అదే 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానా ద్వారా కంపెనీ ఉత్తర సర్కారుల మీద హక్కు పొందింది. 1766, 1768 సంధులతో నిజాము దాన్ని అంగీకరించాడు. గుంటూరు సర్కారు మాత్రం 1788లో కంపెనీ చేతికి వచ్చింది.

స్టాంపు చట్టం ఏడాది తిరగకుండానే, 1766లో రద్దయింది. వలసలవారు స్టాంపు కాగితం ముట్టలేదు, ఇంగ్లండు సరుకు కొనలేదు. లండను వర్తకులే రద్దు కోరారు. సర్కారుల రైతుకు అలాంటి మార్గం లేదు. ఆయన కట్టేది సరుకు మీద సుంకం కాదు, భూమి శిస్తు. సరుకు కొనడం మానవచ్చు, సాగు మానితే కడుపు నిండదు. పన్నును బహిష్కరించవచ్చు గాని శిస్తును బహిష్కరించాలంటే భూమినే వదులుకోవాలి. తెలుగులో పన్ను, శిస్తు వేర్వేరు మాటలుగా నిలిచి ఉండడం ఇందుకు చక్కగా ఉపయోగపడుతుంది.

ఇరు తీరాలూ మరింత దగ్గరైన సంవత్సరం 1773. బెంగాలులో 1770 నాటి కరువు, యుద్ధాల ఖర్చు, ఉద్యోగుల సొంత వ్యాపారం కలిసి కంపెనీని అప్పులపాలు చేశాయి. దాన్ని నిలబెట్టడానికి పార్లమెంటు ఒకే ఏడాది రెండు చట్టాలు చేసింది. రెగ్యులేటింగ్ చట్టం కంపెనీ భారతదేశ పాలనను అదుపులోకి తెచ్చింది. తేయాకు చట్టం కంపెనీ గిడ్డంగుల్లో పేరుకున్న చైనా తేయాకును నేరుగా అమెరికాకు పంపి అమ్ముకునే వీలు కల్పించింది. 1773 డిసెంబరు 16న బోస్టన్ రేవులో 342 పెట్టెల తేయాకు నీళ్ళపాలయింది. మన పాఠ్యపుస్తకాలు ఈ సంఘటనను రాజుకూ ప్రజలకూ మధ్య తగాదాగా చెప్పి ఊరుకుంటాయి. ఆ పెట్టెలు మచిలీపట్నాన్ని ఏలుతున్న కంపెనీవే. ఆ సంగతి అమెరికావారికి తెలియనిదీ కాదు. పెన్సిల్వేనియా నాయకుడు జాన్ డికిన్సన్ 'రస్టికస్' అన్న కలం పేరుతో రాసిన లేఖలో ఆసియాలో కంపెనీ సాగించిన దోపిడీనీ కరువు చావులనూ ప్రస్తావించి, రేపు అదే గతి తమకు పట్టవచ్చునని హెచ్చరించాడు. అంటే భారతదేశం అమెరికా స్వాతంత్ర్య సాహిత్యంలో ఒక హెచ్చరికగా ముందే ప్రవేశించింది. మనం అమెరికాను ఆదర్శంగా చదవడానికి దాదాపు 130 ఏళ్ళ ముందు వారు మనల్ని గుణపాఠంగా చదివారు.

3. కారన్‌వాలిస్: ఓటమి తరువాత

1781 అక్టోబరు 19న యార్క్‌టౌన్‌లో వాషింగ్టన్ సేనలకు, ఫ్రెంచి సేనలకు లొంగిపోయిన బ్రిటిషు సేనాని కారన్‌వాలిస్. ఐదేళ్ళ తరువాత 1786లో ఆయనే గవర్నరు జనరల్‌గా కలకత్తాలో దిగాడు. 1793లో బెంగాలులో శాశ్వత శిస్తు నిర్ణయం చేశాడు. 1802 నాటి మద్రాసు రెగ్యులేషన్‌తో ఆ పద్ధతి ఉత్తర సర్కారులకు విస్తరించింది. నూజివీడు, చల్లపల్లి వంటి సంస్థానాలు ఆ చట్టం నీడలోనే 20వ శతాబ్దం దాకా నిలిచాయి. 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టంతో గాని ఆ అధ్యాయం ముగియలేదు.

అమెరికాలో ఓడిన సేనాని ఆలోచన కృష్ణా తీరాన జమీందారీగా రూపుదాల్చడం కేవలం యాదృచ్ఛికమా? కారణాలు అనేకం. బెంగాలు శిస్తు గురించిన చర్చ కారన్‌వాలిస్ రాకకు ముందే మొదలైంది. ఇంగ్లండు భూస్వామ్య వ్యవస్థ పట్ల ఆయనకున్న నమ్మకమూ ఒక కారణం. అమెరికా అనుభవం ఒక్కటే ఈ చట్టాన్ని తెచ్చిందనడం అతిశయోక్తి. అయితే ఆ కాలపు విధానాల్లో ఒక ధోరణి స్పష్టం. పెద్ద ఉద్యోగాలు భారతీయులకు అందకుండా పోయాయి. 1791లో మిశ్రమ సంతతివారిని కంపెనీ కొలువుల నుంచి మినహాయించారు. యూరోపియన్లు ఇక్కడ భూములు కొని స్థిరపడడం మీద ఆంక్షలు సాగాయి. ఇక్కడ మరొక అమెరికా పుట్టకూడదన్న జాగ్రత్త ఇందులో ఉందని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. ఒక తీరాన సామ్రాజ్యం సడలిన ఫలితంగా మరొక తీరాన పట్టు బిగిసింది. 'అమెరికా స్వాతంత్ర్యం ప్రపంచానికి వెలుగునిచ్చింది' అన్న వాక్యం పక్కన ఈ వాక్యమూ రాయాలి.

డెల్టాలో ఈ పట్టు ఫలితం త్వరగానే తెలిసింది. శిస్తు శాశ్వతమైనా వాన శాశ్వతం కాదు. 1832-33 నాటి గుంటూరు కరువు తరువాత బాకీలు పేరుకొని, 19వ శతాబ్దం మధ్య నాటికి గుంటూరు ప్రాంతపు పెద్ద జమీందారీలు ప్రభుత్వపరమయ్యాయి. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక నీరు వచ్చింది. నీటితో పాటు నీటి తీరువా వచ్చింది.

4. తెలుగులో అమెరికా: బెజవాడ అచ్చు

1906లో కొమర్రాజు వేంకట లక్ష్మణరావు తదితరులు హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించారు. లక్ష్మణరావు కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టినవారు. మండలి తొలి ప్రచురణగా 1907లో వెలువడింది గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ జీవిత చరిత్ర.

ఈ ఎంపిక ఆలోచించదగింది. స్వదేశీ, వందేమాతర ఉద్యమాల వేడిలో, పరాయి పాలనను ఎదిరించిన వీరుడి కథే కావాలనుకుంటే వాషింగ్టన్ సిద్ధంగా ఉన్నాడు. మండలి వెలువరించింది లింకన్ కథ. వాషింగ్టన్ కథ స్వాతంత్ర్యంతో ముగుస్తుంది. లింకన్ కథ స్వాతంత్ర్యం మిగిల్చిన అప్పుతో మొదలవుతుంది. 1776 నాటి ప్రకటన మనుషులంతా సమానమని చెప్పింది. 1790లో జరిగిన తొలి జనాభా లెక్కల ప్రకారం ఆ దేశంలో ఉన్న సుమారు 39 లక్షల మందిలో దాదాపు 7 లక్షల మంది బానిసలు. 1787 రాజ్యాంగం ప్రతినిధుల సంఖ్య నిర్ణయించడానికి బానిసల సంఖ్యలో అయిదింట మూడు వంతులను లెక్కకు తీసుకుంది. ఆ లెక్క యజమానుల బలం పెంచింది, బానిసకు ఓటు ఇవ్వలేదు. ప్రాతినిధ్యం లేని పన్నును ఎదిరించి పుట్టిన దేశం మనిషినే ప్రాతినిధ్యం లేని సంఖ్యగా మార్చింది. ఈ అప్పు తీర్చడానికి అంతర్యుద్ధం కావలసి వచ్చింది. ఎంపిక వెనుక మండలి ఉద్దేశం ఏదైనా, తెలుగు పాఠకుడికి అమెరికా జాతి నిర్మాణం మొదట ఈ వైపు నుంచి పరిచయమైంది. కుల భేదాలున్న సమాజంలో బానిసత్వ నిర్మూలన కథ చదవడానికి ఉన్న అర్థం స్వపరిపాలన కథకు ఉన్న అర్థం కంటే తక్కువది కాదు.

గ్రంథకర్త జీవితం ఆ గ్రంథానికి వ్యాఖ్యానంలా సాగింది. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి పర్యటన తరువాత వందేమాతర ఉద్యమంలో పాల్గొన్నందుకు గాడిచర్ల అక్కడి శిక్షణ కళాశాల చదువు పోగొట్టుకున్నారు. 1908లో బెజవాడ నుంచి 'స్వరాజ్య' పత్రిక నడిపారు. తిరునెల్వేలి కాల్పులపై వచ్చిన రచనకు రాజద్రోహ నేరం మోపగా కఠిన కారాగార శిక్ష అనుభవించారు. పత్రికకు పెట్టిన పేరు స్వాతంత్ర్యం కాదు, స్వరాజ్యం. ఒకటి పరాయి అధికారం తొలగడాన్ని సూచిస్తే, రెండోది సొంత అధికారాన్ని నిర్మించుకోవడాన్ని సూచిస్తుంది. ఆ తరువాత ఆయన జీవితంలో పెద్ద భాగం గ్రంథాలయోద్యమానికీ వయోజన విద్యకూ అంకితమైంది. 1914లో బెజవాడలో రూపుదిద్దుకున్న ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘానికి ఆయన చాలాకాలం నాయకత్వం వహించారు. చదవగల ప్రజ లేకుండా స్వరాజ్యం నిలవదన్న అవగాహన ఆ జీవితంలో కనిపిస్తుంది.

నందిగామలో పుట్టి బెజవాడలో వకీలుగా స్థిరపడిన అయ్యదేవర కాళేశ్వరరావు ఈ కృషిని కొనసాగించారు. ఫ్రెంచి విప్లవం, చైనా జాతీయోద్యమం, తుర్కీ, ఈజిప్టు దేశాల చరిత్రలతో పాటు 'అమెరికా సంయుక్త రాష్ట్రములు' అన్న గ్రంథం రాశారు. ఈ పుస్తకాల జాబితాయే ఒక వాదన. అమెరికా అందులో ఏకైక ఆదర్శం కాదు, అనేక ఉదాహరణల్లో ఒకటి. ఐరోపా, ఆసియా, ఆఫ్రికా ఉద్యమాల పక్కన పెట్టి అమెరికాను చదివే పద్ధతి బెజవాడ రచయితలో ఉంది.

5. పన్ను, ప్రాతినిధ్యం: చీరాల-పేరాల

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెసు సంఘం బెజవాడలో సమావేశమైంది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటి మంది సభ్యులు, 20 లక్షల రాట్నాలు అన్నవి ఆ సభ తీర్మానాలు. పింగళి వెంకయ్య తన పతాక నమూనాను గాంధీజీకి అందించింది ఆ సందర్భంలోనే. రాట్నం తీర్మానం చూసినప్పుడు అమెరికా వలసల్లో ఇంగ్లండు బట్ట బహిష్కరించి స్త్రీలు ఇళ్ళలో నూలు వడికిన 1760ల నాటి దృశ్యం గుర్తుకు రావడం సహజం. తేడా కూడా గుర్తుండాలి. అక్కడ నేత అప్పుడప్పుడే నేర్చుకుంటున్న స్వయంసమృద్ధి; ఇక్కడ పోగొట్టుకున్న వృత్తిని తిరిగి పొందే ప్రయత్నం. మచిలీపట్నం అద్దకాలు ఐరోపాను ముంచెత్తిన కాలం ఇక్కడి జ్ఞాపకం.

ఆ నెలలోనే గాంధీజీ చీరాల వెళ్ళారు. చీరాల, పేరాల గ్రామాలను కలిపి ప్రభుత్వం పురపాలక సంఘం చేసింది. నేతపనివారు ఎక్కువగా ఉన్న ఆ ఊళ్ళకు దానివల్ల పన్నులు అనేక రెట్లు పెరిగాయి. పన్ను కట్టకుండా శిక్షలు అనుభవించడం, లేదా పురపాలక హద్దులు దాటి వెళ్ళిపోవడం అన్న రెండు మార్గాలు ప్రజల ముందుకు వచ్చాయి. పెనుగంచిప్రోలులోనే పుట్టి, ఎడింబరోలో చదివి వచ్చిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ప్రజలు రెండోదాన్ని ఎంచుకున్నారు. ఊరిలో అత్యధికులు ఇళ్ళు విడిచి, హద్దుకు ఆవల పాకలు వేసుకుని రామనగరం నిర్మించి, సుమారు 11 నెలలు ఎండావానల్లో గడిపారు. రామదండు కార్యకర్తలు దాని క్రమం కాపాడారు. దుగ్గిరాల జైలు పాలయ్యాక, కష్టాలు పెరిగి, ప్రజలు తిరిగి ఇళ్ళకు చేరుకోక తప్పలేదు.

దీన్ని 'ప్రాతినిధ్యం లేనిదే పన్ను లేదు' అన్న బోస్టన్ నినాదానికి తెలుగు రూపంగా వర్ణించడం పరిపాటి. కాని లెక్క అంత సులభం కాదు. 1919 సంస్కరణల ప్రకారం స్థానిక స్వపరిపాలన శాఖ ఎన్నికైన శాసనసభకు బాధ్యత వహించే భారతీయ మంత్రి చేతికి బదిలీ అయింది. 1920 చివరి నుంచి మద్రాసులో ఆ శాఖ మంత్రి పానగల్లు రాజా రామరాయణింగారు. అంటే కాగితం మీద ప్రాతినిధ్యం ఉంది. ఓటు హక్కు కొద్దిమందికే పరిమితం. ఆ ఎన్నికలను కాంగ్రెసు బహిష్కరించింది. 1765లో బ్రిటిషు మంత్రులు కూడా వలసలకు ప్రాతినిధ్యం ఉందనే వాదించారు. పార్లమెంటు సభ్యులు ఓటు లేనివారితో సహా ప్రజలందరికీ ప్రతినిధులేనన్నది వారి తర్కం. చీరాల నేతపనివారు అడిగింది అంతకంటే మౌలికమైన ప్రశ్న: మా ఊరు పట్టణం కావాలో వద్దో మమ్మల్ని అడిగారా? ఇది ప్రాతినిధ్యాన్ని దాటి సమ్మతిని అడిగే ప్రశ్న.

వారి సమాధానం కూడా బోస్టన్ సమాధానం కాదు. బోస్టన్‌వారు సరుకును నీటిలో పారేశారు. చీరాలవారు తామే కదిలారు. తెలుగు 'వలస' తన పాత అర్థంతోనే ఇక్కడ రాజకీయ ఆయుధమైంది. దొరతనం బాధ పడలేక ఊరు విడవడం ఈ నేలలో పాత పద్ధతి. దానికి సత్యాగ్రహ నియమం తోడై రామనగరమైంది. అమెరికా చరిత్రలో ఈ అధ్యాయానికి సరిజోడు వెతకడం కంటే, తెలుగు రైతుల, నేతపనివారి స్వంత సంప్రదాయంలో దాన్ని చూడడం సరైన పద్ధతి. 1921-22లో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వాన సాగిన పెదనందిపాడు పన్నుల నిరాకరణ దీని తరువాతి మెట్టు. అక్కడ ఎదుర్కొన్నది శిస్తునే. పురపాలక పన్నును హద్దు దాటి తప్పించుకోవచ్చు. శిస్తుకు హద్దు లేదు కనుక నిరాకరణ ఒక్కటే మిగిలింది.

6. 'రాష్ట్రం': స్వాతంత్ర్యం తరువాతి ప్రశ్న

హిందీలో 'రాష్ట్ర' అంటే జాతి లేదా దేశం. తెలుగులో 'రాష్ట్రం' దేశంలో ఒక భాగం. 'సంయుక్త రాష్ట్రములు' అన్న మాట అందుకే తెలుగులో హాయిగా ఇమిడింది. 'రాష్ట్రపతి' మాత్రం ఉత్తరాది అర్థంతో వచ్చి, తెలుగు పాఠకుడికి ఈనాటికీ కొంచెం వింతగా వినిపిస్తుంది. ఈ ద్వంద్వార్థంలోనే సమాఖ్య సమస్య అంతా ఇమిడి ఉంది: జాతి ఏది, భాగం ఏది?

అమెరికా వలసలకు యుద్ధం కంటే యుద్ధానంతరం కష్టమైంది. 1781లో అమలులోకి వచ్చిన సమాఖ్య ఒప్పందం కింద కాంగ్రెసుకు పన్ను వేసే అధికారం లేదు. దిగుమతులపై నూటికి 5 వంతు సుంకం ప్రతిపాదిస్తే ఒక్క రోడ్ ఐలాండు నిరాకరణతో అది వీగిపోయింది. 1786-87లో అప్పులపాలైన మసాచుసెట్స్ రైతులు షేస్ నాయకత్వంలో తిరగబడ్డారు. 1787లో ఫిలడెల్ఫియా సభ కొత్త రాజ్యాంగం రాసింది. చిన్న రాష్ట్రాల భయం తీర్చడానికి సెనేటులో అన్నిటికీ సమాన స్థానాలిచ్చారు. 1790లో మరొక రాజీ జరిగింది: రాష్ట్రాల యుద్ధ రుణాలను కేంద్రం స్వీకరించేందుకు దక్షిణాదివారు ఒప్పుకున్నారు, బదులుగా రాజధాని పొటోమాక్ నది ఒడ్డుకు వెళ్ళింది. 1794లో విస్కీ సుంకానికి ఎదురుతిరిగిన పశ్చిమ పెన్సిల్వేనియా రైతుల మీదికి సేనను నడిపింది అధ్యక్షుడు వాషింగ్టనే. ప్రాతినిధ్యం దొరికినంత మాత్రాన పన్ను తగాదా ముగియదని ఆ సంఘటన చెబుతుంది.

ఈ అధ్యాయం ఆంధ్రులకు బోస్టన్ అధ్యాయం కంటే దగ్గరిది. 1913లో బాపట్లలో తొలి ఆంధ్ర మహాసభ జరిగిన నాటి నుంచి ప్రత్యేక రాష్ట్రం కోరిక తోపాటు రాయలసీమ సందేహాలూ పెరిగాయి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో బెజవాడలో మొదలై తరువాత వాల్తేరుకు మారిన క్రమంలో ఆ సందేహాలు బయటపడ్డాయి. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు స్వగృహం శ్రీబాగ్‌లో కుదిరిన ఒడంబడిక రాజధాని లేదా ఉన్నత న్యాయస్థానం, విశ్వవిద్యాలయ కేంద్రం, కృష్ణా, తుంగభద్రా, పెన్నా జలాల్లో ప్రాధాన్యం అన్న అంశాలపై సీమకు హామీలిచ్చింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బెజవాడ ఆశించిన రాజధాని కర్నూలుకు వెళ్ళింది. ఉన్నత న్యాయస్థానం గుంటూరుకు వచ్చింది. రాజధాని స్థలం ఒక భాగం మరొక భాగానికి ఇచ్చే హామీ అన్న పొటోమాక్ తర్కం ఇక్కడా పనిచేసింది. తేడా నీటిలో ఉంది. ఆనకట్ట కింద రెండు కార్లు పండిన డెల్టా, మెట్ట సీమతో ఒకే రాష్ట్రంలో ఉండాలంటే నదిని పంచుకోవాలి. ఫిలడెల్ఫియాలో ఈ ప్రశ్న రాలేదు. ఆ ఒడంబడికలోని నీటి మాట ఎంతవరకు నెరవేరిందన్నది ఇప్పటికీ తెగని వివాదమే.

7. ముగింపు

పై పరిశీలన వల్ల తేలే అంశాలు మూడు. ఒకటి: అమెరికా స్వాతంత్ర్యం, ఉత్తర సర్కారుల పరాధీనత ఒకే సామ్రాజ్య చరిత్రలో ఒకే దశాబ్దాల్లో జరిగిన రెండు పరిణామాలు. ఒకదాన్ని మరొకదానికి 'ప్రేరణ' అని మాత్రమే చెబితే ఆ మొదటి సంబంధం కనుమరుగవుతుంది. రెండు: తెలుగు రచయితలు అమెరికాను ఎంపిక చేసుకుని చదివారు. లింకన్‌తో మొదలుపెట్టడం, చైనా, ఈజిప్టుల పక్కన నిలబెట్టడం ఆ ఎంపికకు గుర్తులు. మూడు: చీరాల-పేరాల వంటి ఉద్యమాలను విదేశీ నమూనాలతో కొలిచినప్పుడు వాటి సొంత తర్కం జారిపోతుంది.

1956లో ఆంధ్రప్రదేశ్ అవతరించినప్పుడు శాసనసభ తొలి స్పీకరుగా ఎన్నికైనవారు అయ్యదేవర కాళేశ్వరరావు. సంయుక్త రాష్ట్రాల చరిత్ర రాసిన వ్యక్తి, మూడు ప్రాంతాల ప్రతినిధులు కూర్చున్న సభను నడిపారు. ఆయన పేరు ఇప్పుడు విజయవాడలో ఎక్కువమందికి ఒక మార్కెట్ పేరుగా తెలుసు. ఆయన, ఆయన తరంవారు రాసిన ప్రపంచ చరిత్ర గ్రంథాలను సాహిత్య చరిత్రకారులు వచన వికాసంలో భాగంగా, రాజకీయ చింతనగా తిరిగి చదవవలసి ఉంది. వాటిని అనువాదాలుగానో సంకలనాలుగానో పక్కన పెట్టినంత కాలం, తెలుగువారు స్వరాజ్యం గురించి తెలుగులో ఏమి ఆలోచించారన్న ప్రశ్నకు మన సమాధానం అసంపూర్ణంగానే ఉంటుంది.